ఆరోగ్య బీమా ఎంపిక, ఆసుపత్రి బిల్లు, పాలసీదారుల హక్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాలసీ పత్రాన్ని ఆసుపత్రిలో చేరాల్సిన రోజున తొలిసారి తెరిచి చూసేవారే మనలో ఎక్కువ. అప్పటికి అందులో మార్చుకోగలిగింది ఏమీ మిగలదు. క్లెయిమ్ పూర్తిగా వస్తుందా, సగమే వస్తుందా, అసలు రాదా అన్నది చాలావరకు ఏళ్ల క్రితం పాలసీ కోసం నింపిన దరఖాస్తు, అంటే ప్రపోజల్ ఫారంలోనూ, చదవకుండా పక్కన పెట్టిన షరతుల్లోనూ ముందే తేలిపోయి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పాఠకులు పదేపదే అడిగే ప్రశ్నలకు, భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐఆర్‌డీఏఐ) 2024లో తెచ్చిన కొత్త నిబంధనలను దృష్టిలో పెట్టుకుని ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం.

ఇన్ని పాలసీలలో ఏది మంచిదో ఎలా తేల్చుకోవాలి? ప్రీమియం తక్కువగా ఉన్నది తీసుకుంటే సరిపోదా?

ప్రీమియం చివర చూడాల్సిన విషయం. ముందుగా చూడాల్సినవి నాలుగున్నాయి: గది అద్దెపై పరిమితి ఉందా, కో-పే ఉందా, ఏ జబ్బుకు ఎన్నాళ్లు ఆగాలి, కంటి శుక్లాలు, మోకీలు మార్పిడి వంటి చికిత్సలకు విడిగా పరిమితి పెట్టారా అన్నవి. కో-పే అంటే ప్రతి క్లెయిములోనూ మీరు భరించాల్సిన వాటా. 20 శాతం కో-పే ఉన్న పాలసీలో చెల్లించదగిన మొత్తం 3 లక్షలుగా తేలితే అందులో 60 వేలు మీవే. పెద్ద వయసువారి కోసం అమ్మే పాలసీల్లో ఈ షరతు తరచుగా కనిపిస్తుంది, అమ్మేటప్పుడు మాత్రం దాని ప్రస్తావన తక్కువగా వినిపిస్తుంది.

ఈ నాలుగు సంగతులనూ వెతుక్కోవడానికి అరవై పేజీల పాలసీ పత్రం తిరగేయనక్కరలేదు. ప్రతి ఆరోగ్య పాలసీతోపాటు వినియోగదారు సమాచార పత్రం, అంటే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ నిబంధన ఉంది. బీమా మొత్తం, వర్తించేవి, వర్తించనివి, వెయిటింగ్ పీరియడ్లు (జబ్బుకు రక్షణ మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలం), పరిమితులు, ఫిర్యాదు చేసే మార్గం అన్నీ అందులో కొద్ది పేజీల్లో ఉంటాయి. కోరితే స్థానిక భాషలో ఇవ్వాలని కూడా నియమం ఉంది కనుక తెలుగులో అడగడానికి మొహమాటపడకండి.

పాలసీ చేతికి వచ్చాక చదివి, నచ్చకపోతే 30 రోజుల్లోపు తిప్పి పంపవచ్చు. దీన్ని ఫ్రీ లుక్ గడువు అంటారు. అన్నాళ్లు రక్షణ ఇచ్చినందుకు కొంత మొత్తం, వైద్య పరీక్షల ఖర్చు, స్టాంపు సుంకం మినహాయించుకుని మిగిలిన ప్రీమియం వెనక్కి ఇస్తారు.

గది అద్దె పరిమితిని అంతగా పట్టించుకోవాలా? ఎక్కువైన అద్దె మనమే కట్టుకుంటే సరిపోతుంది కదా?

సరిపోదు. క్లెయిముల్లో చాలామందిని దెబ్బతీసే షరతు ఇది, అందుకే కాస్త వివరంగా చెబుతాం.

5 లక్షల పాలసీ ఉందనుకుందాం. గది అద్దె రోజుకు బీమా మొత్తంలో 1 శాతం, అంటే 5,000 రూపాయలకు మించకూడదని షరతు. ఆసుపత్రిలో 8,000 రూపాయల గదిలో నాలుగు రోజులు ఉన్నారు. బిల్లు ఇలా వచ్చింది: గది అద్దె 32,000, డాక్టర్ల ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 1,20,000, మందులు 45,000, పరీక్షలు 25,000, బీమా వర్తించని చిల్లర వస్తువులు 8,000. మొత్తం 2,30,000 రూపాయలు.

అద్దెలో తేడా రోజుకు 3,000 చొప్పున 12,000 మాత్రమే కదా అని కుటుంబం అనుకుంటుంది. బీమా సంస్థ లెక్క వేరు. అర్హత ఉన్న అద్దె 5,000, తీసుకున్నది 8,000. అంటే 62.5 శాతమే అర్హత. ఆ నిష్పత్తినే డాక్టర్ల ఫీజు, థియేటర్, నర్సింగ్ ఖర్చులకూ వర్తింపజేస్తారు. 1,20,000లో 75,000 మాత్రమే ఇస్తారు. అద్దెలో 12,000, ఈ ఖర్చుల్లో 45,000, చిల్లర వస్తువులకు 8,000 కలిపి మీ జేబులోంచి 65,000 పోతుంది.

ఈ నిష్పత్తి కోతకు హద్దులున్నాయి, అవి తెలిసినవారు తక్కువ. మందులు, వాడిపారేసే వైద్య సామగ్రి, శరీరంలో అమర్చే పరికరాలు, రోగనిర్ధారణ పరీక్షల ఖర్చుకు ఈ కోత వేయకూడదు. ఐసీయూ ఖర్చుకూ వేయకూడదు. గదిని బట్టి డాక్టరు ఫీజు మారని ఆసుపత్రిలో అసలే వేయకూడదు. క్లెయిమ్ సెటిల్‌మెంట్ లేఖలో మందులకూ, పరీక్షలకూ కూడా కోత కనిపిస్తే వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి.

మా సలహా సూటిగా చెప్పాలంటే, రెండు పాలసీల ప్రీమియంలో తేడా మరీ భారం కానంతవరకూ గది అద్దె పరిమితి లేనిదే తీసుకోండి. ఇప్పటికే పరిమితి ఉన్న పాలసీ ఉంటే, అడ్మిషన్ కౌంటర్ దగ్గర గది ఎంచుకునే ముందే ఆ అంకె మీకు తెలిసి ఉండాలి. అర్హత ఉన్న గది ఖాళీ లేదని ఆసుపత్రి పై తరగతి గది ఇస్తే, ఆ సంగతి రాయించి తీసుకోండి.

పాలసీ తీసుకున్న మర్నాటి నుంచే అన్ని జబ్బులకూ వర్తిస్తుందా?

వర్తించదు. ప్రమాదాలకు మాత్రం మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. మిగతా జబ్బులకు సాధారణంగా మొదటి 30 రోజులు రక్షణ ఉండదు. హెర్నియా, శుక్లాలు, పిత్తాశయంలో రాళ్లు, కీళ్ల మార్పిడి వంటి జాబితాలోని చికిత్సలకు విడిగా గడువు ఉంటుంది. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బులకు మరో గడువు. ఈ చివరి రెండూ 36 నెలలకు మించకూడదని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన అమల్లో ఉంది. ఈ నిబంధన రాకముందు, పాలసీ నాటికే ఉన్న జబ్బులకు 48 నెలల దాకా ఆపేవారు. గరిష్ఠంగా 36 నెలలు అన్నారే గానీ అన్ని సంస్థలూ అంతే పెట్టాలని లేదు. తక్కువ గడువు ఉన్న పాలసీలు కూడా మార్కెట్లో ఉన్నాయి.

షుగరు, బీపీ ఉన్నాయని ప్రపోజల్ ఫారంలో రాస్తే పాలసీ ఇవ్వరని ఏజెంటు అంటున్నారు. రాయకపోతే ఏమవుతుంది?

రాయండి. ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినకండి.

రాస్తే ప్రీమియం కొంత పెరగవచ్చు, కొంత కాలం ఆగాల్సి రావచ్చు, ఒక్కోసారి ఆ సంస్థ పాలసీ ఇవ్వకపోవచ్చు, అప్పుడు మరో సంస్థను అడగవచ్చు. రాయకపోతే ఆ పాలసీకి ఏళ్ల తరబడి ప్రీమియం కట్టి, గుండె ఆపరేషన్ రోజున క్లెయిమ్ పోగొట్టుకుని, పైగా పాలసీయే రద్దయ్యే పరిస్థితి రావచ్చు. ఏజెంటుకు కమిషన్ పాలసీ అమ్మిన రోజునే వస్తుంది. మీకు నష్టం వచ్చే రోజున ఆయన మీ పక్కన ఉండాల్సిన పని లేదు. నిజాయితీగా పనిచేసే ఏజెంట్లు చాలామంది ఉన్నారు, వారు జబ్బుల వివరాలు తామే గుచ్చిగుచ్చి అడుగుతారు. అదే మంచి ఏజెంటుకు గుర్తు.

ఇప్పుడు ఫారం కాగితం మీద నింపడం తగ్గింది. ఏజెంటు తన ఫోనులో ఆరోగ్య ప్రశ్నలన్నిటికీ వరసగా 'లేదు' అని నొక్కేసి, "మీ ఫోనుకు ఓటీపీ వచ్చింది, చెప్పండి" అని అడుగుతారు. ఆ ఓటీపీ చెప్పడమంటే, కింద మీరు సంతకం పెట్టినట్టే. అందుకని ఓటీపీ చెప్పే ముందు నింపిన ఫారం మీ ఫోనుకు పంపమని అడిగి, ఆరోగ్య ప్రశ్నల పేజీ చదవండి. పాలసీతోపాటు ప్రపోజల్ ఫారం నకలు కూడా వస్తుంది. అందులో తప్పుంటే క్లెయిమ్ దాకా ఆగకుండా వెంటనే సంస్థకు రాసి సరిచేయించుకోండి.

పాలసీదారుకు పెద్ద రక్షణ ఒకటుంది. పాలసీని విరామం లేకుండా 60 నెలలు కొనసాగిస్తే, ఆ తర్వాత వివరాలు చెప్పలేదనో, తప్పుగా చెప్పారనో క్లెయిమ్ తిరస్కరించడానికి వీల్లేదు. మోసం జరిగిందని రుజువైతే మాత్రమే ఆ రక్షణ పోతుంది. ఈ గడువు 2024కు ముందు ఎనిమిదేళ్లుగా ఉండేది. మధ్యలో బీమా మొత్తం పెంచుకుంటే, పెంచిన భాగానికి అయిదేళ్ల లెక్క కొత్తగా మొదలవుతుంది.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్తున్నాం. ఇక్కడి పాలసీ అక్కడ పనికివస్తుందా?

సాధారణ ఆరోగ్య పాలసీలు చాలావరకు మన దేశంలో జరిగే చికిత్సకే పరిమితం. విదేశీ ప్రయాణానికి విడిగా పాలసీ తీసుకోవాలి, అందులోనూ ఉన్న జబ్బులను, వాడుతున్న మందులను దాచకుండా రాయాలి. షుగరు ఉందని ముందే చెప్పి పాలసీ తీసుకున్న ఒక ప్రయాణికుడికి అమెరికాలో దిగగానే గుండెపోటు వచ్చి స్టెంట్లు వేశారు. ఉన్న జబ్బుల వివరాలు దాచారంటూ సంస్థ క్లెయిమ్ తిరస్కరించింది. జబ్బు సంగతి తెలిసే, దాన్ని అంచనా వేసుకుని పాలసీ ఇచ్చిన సంస్థ ఆ తర్వాత అదే కారణం చూపి తప్పించుకోరాదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పు చెప్పింది. ముందే చెప్పి ఉండటం ఆయనను అక్కడ కాపాడింది.

ఉద్యోగం చేసే కంపెనీ ఇచ్చిన పాలసీ ఉంది. సొంతంగా ఇంకొకటి అవసరమా?

అవసరమే అని మా అభిప్రాయం. కంపెనీ పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. అయితే అది చాలా సందర్భాల్లో తల్లిదండ్రుల పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది కాబట్టి ఉన్నంతకాలం వాడుకోండి. ఉద్యోగం మానేటప్పుడు అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారడానికి అవకాశం ఉందేమో, ఎంత ముందుగా దరఖాస్తు చేయాలో మానవ వనరుల విభాగాన్ని అడిగి తెలుసుకోండి. ఆఖరి పనిరోజు దాటాక అడిగితే ఆలస్యమైపోతుంది.

కుటుంబమంతటికీ ఒకే పాలసీ మేలా? టాప్-అప్, సూపర్ టాప్-అప్ అంటే ఏమిటి?

ఫ్యామిలీ ఫ్లోటర్‌లో బీమా మొత్తం ఇంటిల్లిపాదికీ ఉమ్మడి. వయసులో ఉన్న భార్యాభర్తలకు, పిల్లలకు అది చవక. అందులోనే అరవై దాటిన తల్లిదండ్రులను చేరిస్తే, అందరిలోకీ పెద్దవారి వయసును బట్టి ప్రీమియం లెక్కిస్తారు గనుక భారం పెరుగుతుంది. వారి చికిత్సకే ఉమ్మడి మొత్తం అయిపోయే ప్రమాదం కూడా ఉంది. తల్లిదండ్రులకు విడిగా పాలసీ తీసుకోవడమే మంచిది. 65 ఏళ్లు దాటినవారికి కొత్త పాలసీ ఇవ్వరన్నది పాత మాట. అన్ని వయసులవారికీ పాలసీలు అందుబాటులో ఉంచాలని 2024 నిబంధనలు చెబుతున్నాయి.

తక్కువ ఖర్చుతో ఎక్కువ రక్షణకు సూపర్ టాప్-అప్ మంచి మార్గం. దాన్ని టాప్-అప్‌తో కలిపి పొరబడకండి. రెండింటిలోనూ ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు దాటిన ఖర్చే అవి భరిస్తాయి. హద్దు 5 లక్షలనుకుంటే, ఏడాదిలో ఒకసారి 4 లక్షలు, మరోసారి 3 లక్షలు ఖర్చయిందనుకుందాం. టాప్-అప్ ఏ బిల్లుకు ఆ బిల్లు విడిగా చూస్తుంది కాబట్టి ఒక్క రూపాయి కూడా ఇవ్వదు. సూపర్ టాప్-అప్ ఏడాది మొత్తం 7 లక్షలుగా చూసి 2 లక్షలు ఇస్తుంది.

ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నవారికి ప్రైవేటు పాలసీ అవసరమా?

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ ఈనాడు తెలంగాణలో అదే పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి ఉన్న పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ దాన్ని 25 లక్షలకు పెంచింది. ఈ పథకాల్లో వెయిటింగ్ పీరియడ్ లేదు, పాత జబ్బు అన్న అభ్యంతరం లేదు. పేదింటికి ఇంతకు మించిన రక్షణను ఏ ప్రైవేటు పాలసీ ఆ ఖర్చులో ఇవ్వలేదు.

వీటికి హద్దులు మాత్రం ఉన్నాయి. పథకం జాబితాలో ఉన్న చికిత్సకు, పథకంలో చేరిన ఆసుపత్రిలోనే వర్తిస్తుంది. అందుకే ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ముందు పథకం సహాయకులు ఉండే ఆరోగ్యమిత్ర కౌంటర్‌కు వెళ్లండి. సొమ్ము చెల్లించే రోగిగా చేరిపోయాక పథకంలోకి మార్చడం కష్టమవుతుంది. పథకం కింద ఆమోదించిన చికిత్సకు ఆసుపత్రి అదనంగా డబ్బు అడిగితే 104కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి, ఇచ్చిన డబ్బుకు రసీదు అడగడం మరవకండి.

70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల వరకు చికిత్స ఇచ్చే వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరు 29 నుంచి ఇస్తోంది. ప్రైవేటు పాలసీ ఉన్నా ఈ కార్డు తీసుకోవచ్చు. మీకు దగ్గరలోని ఏ ఆసుపత్రి ఇందులో ఉందో జబ్బు రాకముందే కనుక్కోండి.

ప్రీమియం ఏటా పెరుగుతోంది. సంస్థను మార్చుకుంటే ఇన్నేళ్లుగా గడిపిన వెయిటింగ్ పీరియడ్ పోతుందా?

పోదు. పోర్టబిలిటీ ద్వారా మారితే గడిపిన కాలం పాత బీమా మొత్తం మేరకు మీ ఖాతాలోనే ఉంటుంది. రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు కొత్త సంస్థకు దరఖాస్తు చేసుకోవడం క్షేమం. కొత్త సంస్థ మీ ఆరోగ్య వివరాలు చూసి కాదనవచ్చు కాబట్టి, వారి అంగీకారం చేతికి వచ్చేదాకా పాత పాలసీని వదలకండి. రెన్యువల్ విషయంలో మాత్రం పాత సంస్థకు ఆ స్వేచ్ఛ లేదు. గత ఏడాది క్లెయిమ్ చేశారన్న కారణంతో రెన్యువల్ నిరాకరించకూడదు.

60 ఏళ్లు పైబడిన పాలసీదారుల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తనను సంప్రదించాలని ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో ఆదేశించింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, ఫ్లోటర్ ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు. రెన్యువల్ నోటీసులో ఈ రెండూ సరిచూసుకోండి. ఏడాదికోసారి ప్రీమియం కట్టేవారికి గడువు దాటినా 30 రోజులు, నెలనెలా కట్టేవారికి 15 రోజులు గ్రేస్ ఉంటుంది. గ్రేస్ కూడా దాటిపోతే అన్ని వెయిటింగ్ పీరియడ్లూ మళ్లీ మొదటికి వస్తాయి.

డాక్టరు ఉదయమే డిశ్చార్జ్ అన్నారు, బీమా అనుమతి రాలేదని రాత్రి దాకా కూర్చోబెట్టారు. దీనికి గడువు ఏమీ లేదా?

ఉంది. 2024 మే 29న ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, క్యాష్‌లెస్ (ఆసుపత్రి బిల్లును బీమా సంస్థే నేరుగా చెల్లించే పద్ధతి) కోరుతూ ఆసుపత్రి పంపిన అభ్యర్థనపై బీమా సంస్థ గంటలోపు నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జ్ సమయంలో ఆసుపత్రి తుది బిల్లు పంపాక మూడు గంటల్లోపు తుది అనుమతి ఇవ్వాలి. అంతకు మించి ఆలస్యమై ఆసుపత్రి అదనంగా గది అద్దె వేస్తే, ఆ భారం బీమా సంస్థే తన వాటాదారుల నిధి నుంచి భరించాలి. చికిత్స పొందుతూ రోగి చనిపోతే క్లెయిమును తక్షణం పరిశీలించి, భౌతికకాయాన్ని వెంటనే అప్పగించేలా చూడాలి.

లెక్క మొదలయ్యేది ఆసుపత్రి బిల్లు పంపిన క్షణం నుంచి అని గుర్తుంచుకోవాలి. ఆలస్యం చాలాసార్లు ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలోనే జరుగుతుంది. అందుకని "అనుమతి రాలేదు" అనగానే ఊరుకోకుండా, ఫైలు ఎన్ని గంటలకు పంపారో ఇన్సూరెన్స్ డెస్కులో అడిగి రాసుకోండి. ఆ తర్వాత బీమా సంస్థకు ఫోన్ చేసి వారికి అందిన సమయం కనుక్కోండి. రెండు సమయాలూ చేతిలో ఉంటే తప్పు ఎవరిదో తేలిపోతుంది.

ముందే నిర్ణయించుకున్న ఆపరేషన్ అయితే రెండు, మూడు రోజుల ముందుగానే అనుమతికి పంపించండి.

అడ్మిషన్ సమయంలో కుటుంబ సభ్యులు ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సింది ఏమైనా ఉందా?

ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. రోగిని చేర్చుకునేటప్పుడు డ్యూటీ డాక్టరు "షుగరు ఉందా, ఎన్నాళ్లుగా?" అని అడుగుతారు. రోగి మాట్లాడలేని స్థితిలో ఉంటే, వెంట వచ్చిన బావమరిదో, మేనల్లుడో కంగారులో "చాలా ఏళ్లుగా ఉందండీ, ఒక పదేళ్లు ఉంటుందేమో" అంటారు. కేస్ షీటులో "డీఎం, హెచ్‌టీఎన్, పదేళ్లుగా" (అంటే షుగరు, బీపీ) అని ఒక్క పంక్తి పడుతుంది. పాలసీ తీసుకుని నాలుగేళ్లే అయి, షుగరు నిజానికి రెండేళ్ల క్రితం బయటపడి ఉంటే, ఆ ఒక్క పంక్తి క్లెయిమ్ తిరస్కరించడానికి ఆధారమవుతుంది.

కాబట్టి తెలిసిందే చెప్పండి, తెలియనిది తెలియదని చెప్పండి. అబద్ధం చెప్పమని కాదు, ఊహించి చెప్పవద్దని మా మాట. డిశ్చార్జ్ సమ్మరీ చేతికి ఇవ్వగానే అందులో పేరు, వయసు, తేదీలు, పాత జబ్బుల కాలం చదవండి. పొరపాటు ఉంటే ఆసుపత్రి వదలకముందే డాక్టరుగారిని కలిసి, జబ్బు మొదట బయటపడిన నాటి రిపోర్టు చూపించి సరిచేయించండి. తర్వాత వెళ్లి దిద్దించిన పత్రాన్ని బీమా సంస్థలు అనుమానంగా చూస్తాయి.

ఆసుపత్రి బిల్లులో ఏమేమి సరిచూసుకోవాలి?

ముందు అంశాలవారీ బిల్లు అడగండి. "మందులు, సామగ్రి: 84,000" అని ఒక్క పంక్తిలో ఇచ్చే బిల్లును ఒప్పుకోనక్కరలేదు. వివరమైన బిల్లు పొందడం, చికిత్స రికార్డులు పొందడం, మందులు నచ్చిన దుకాణంలో కొనుక్కోవడం రోగుల హక్కుల్లో భాగమని జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. రికార్డులు కోరితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య వృత్తి నియమావళి 2002లోనే ఉంది.

గ్లౌజులు, మాస్కులు, డైపర్లు, అడ్మిషన్ కిట్టు వంటి వాటికి సాధారణంగా బీమా వర్తించదు, వాటిని భరించే అదనపు కవర్ తీసుకుంటే తప్ప. బిల్లులో వాటి సంఖ్య సరిచూడండి. వెనక్కి ఇచ్చిన మందులకు తగ్గింపు వేశారా, ఒకే రోజుకు రెండు గదుల అద్దె వేశారా, డాక్టరు రాని రోజుకు విజిట్ ఫీజు పడిందా అన్నవి తరచుగా కనిపించే తప్పులు. రోజువారీగా ఎవరు వచ్చి చూశారో అటెండెంటు ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టుకుంటే ఈ పని సులువు.

గుండెకు వేసే స్టెంట్ల ధరకు 2017 ఫిబ్రవరి నుంచి, మోకీలు మార్పిడి పరికరాలకు అదే ఏడాది ఆగస్టు నుంచి జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ గరిష్ఠ ధరలు నిర్ణయించింది. స్టెంటు ధరను బిల్లులో విడిగా, తయారీ సంస్థ, బ్రాండు, బ్యాచ్ నంబరుతో చూపాలి. పరికరం డబ్బా మీది స్టిక్కరును అడిగి తీసుకోండి, అది క్లెయిముకూ కావాలి.

ఇక రేట్ల పట్టిక సంగతి. కేంద్ర వైద్య సంస్థల చట్టం 2010ని స్వీకరించిన రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆ చట్టం కింది నిబంధనల ప్రకారం ఆసుపత్రులు తమ రేట్లను స్థానిక భాషలోనూ, ఆంగ్లంలోనూ అందరికీ కనిపించేలా ప్రదర్శించాలి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆసుపత్రుల నమోదు, నియంత్రణకు 2002 నాటి సొంత చట్టం ఉంది.

బిల్లు తేలేదాకా రోగిని పంపం అంటే? అడ్వాన్స్ కట్టనిదే చేర్చుకోం అంటే?

ప్రాణాపాయంలో ఉన్న వ్యక్తికి చికిత్స అందించడం ప్రభుత్వ, ప్రైవేటు వైద్యులందరి బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లోనే స్పష్టం చేసింది. బిల్లు విషయంలో వివాదం ఉందని రోగిని గానీ, భౌతికకాయాన్ని గానీ నిర్బంధించకూడదని రోగుల హక్కుల పత్రం చెబుతోంది. అలా జరిగితే పోలీసులకు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి ఫిర్యాదు చేయవచ్చు. బాకీ రాబట్టుకోవడానికి ఆసుపత్రికి సివిల్ కోర్టు దారి ఉంది.

క్యాష్‌లెస్ రాలేదు, డబ్బు కట్టి బయటకు వచ్చాం. ఇప్పుడేం చేయాలి?

క్యాష్‌లెస్ రానంత మాత్రాన క్లెయిమ్ పోయినట్టు కాదు. అసలు బిల్లులు, రసీదులు, డిశ్చార్జ్ సమ్మరీ, పరీక్షల రిపోర్టులు, డాక్టరు చీటీలు పెట్టి, కట్టిన డబ్బు వెనక్కి ఇచ్చే రీయింబర్స్‌మెంట్ కోరండి. పంపే ముందు ప్రతి కాగితానికీ నకలు తీసి ఉంచుకోండి. బీమా సంస్థ 15 రోజుల్లో తేల్చాలి, ఆలస్యం చేస్తే బ్యాంకు రేటుకు 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. మీకు రెండు పాలసీలు ఉంటే ముందు దేని కింద అడగాలో మీ ఇష్టం, మిగిలిన ఖర్చు రెండోదాని కింద అడగవచ్చు.

క్లెయిమ్ తిరస్కరించారు. ఎక్కడికి వెళ్లాలి?

మొదట తిరస్కరణ లేఖ చదవండి. పాలసీలోని ఏ షరతు ప్రకారం కాదన్నారో అందులో స్పష్టంగా ఉండాలి. సంస్థలోని క్లెయిముల సమీక్షా సంఘం ఆమోదం లేకుండా ఏ క్లెయిమునూ తిరస్కరించరాదన్న నిబంధన కూడా ఉంది. ఫోనులో చెప్పిన కారణానికి విలువ లేదు, లేఖ కోసం పట్టుబట్టండి.

తర్వాత సంస్థ ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాతపూర్వకంగా రాయండి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255 నంబరులో గానీ అదే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, ఇలాంటి వివాదాలను తేల్చే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి. రెండు తెలుగు రాష్ట్రాలకూ, యానాంకూ కలిపి అంబుడ్స్‌మన్ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, న్యాయవాది అవసరం లేదు. 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. సంస్థ తుది జవాబు ఇచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. అదే విషయం అప్పటికే కోర్టులోనో, వినియోగదారుల కమిషన్‌లోనో ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు, కాబట్టి ముందు ఇక్కడికి వెళ్లడమే మేలు.

అంబుడ్స్‌మన్ తీర్పు నచ్చకపోతే మీరు దానికి కట్టుబడనక్కరలేదు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అక్కడ గడువు వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు. చెల్లించిన ప్రీమియం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. బీమా సంస్థకు మాత్రం అంబుడ్స్‌మన్ ఇచ్చిన తీర్పు శిరోధార్యం. 30 రోజుల్లో అమలు చేయకపోతే, ఆలస్యమైన ప్రతి రోజుకూ 5,000 రూపాయల చొప్పున ఆ సంస్థ ఫిర్యాదుదారుకు చెల్లించాల్సి ఉంటుంది.